ఏ టెలిస్కోప్ కొనాలి, తాతయ్యా?

చిరంజీవి అమ్ములుకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మీ 60 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌లో గురుగ్రహం మసకగా, ఊగుతూ కనిపిస్తోందని రాశారు. 675 రెట్లు పెద్దగా చూపించేది కొనమంటారా అని అడిగారు. తొందరపడకండి. మీ పాత డబ్బా మీద కూడా 525 రెట్లు అనే ఉంది కదా!

చుక్కల వెలుగు వానలా కురుస్తోందనుకోండి. టెలిస్కోప్ ఆ వాన పట్టే గిన్నె. చీకట్లో మన కంటిపాప ఎంత విచ్చుకున్నా 7 మిల్లీమీటర్లే, అది ఉగ్గుగిన్నె. మీ టెలిస్కోప్ ముందరి కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, అది చెంబు. కటకం బదులు 150 మిల్లీమీటర్ల అద్దం ఉన్నది గంగాళం. దాని మూతి వెడల్పు రెండున్నర రెట్లే అయినా, పట్టే వెలుగు ఆరు రెట్ల పైనే. తమిళనాడులోని కావలూరులో ఉన్న అద్దం ఏకంగా 2.34 మీటర్లు! దానికి మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైనూ బప్పు గారి పేరు పెట్టారు.

మా ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పన. చినుకు పడితే చాలు, అమ్మ కేకేసేది. ఇంట్లో గిన్నెలన్నీ తెచ్చి చూరు కింద వరసగా పెట్టేవాళ్ళం. గంగాళం ఎప్పుడూ అన్నయ్యదే, నాకు సన్నమూతి మరచెంబు దక్కేది. వాన వెలిసేసరికి అన్నయ్య గంగాళం నిండా నీళ్ళు, నా చెంబులో గుక్కెడు. ఆ నీళ్ళతో వండితే కందిపప్పు వెన్నలా ఉడికేది. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

ఆ గుక్కెడు నీళ్ళనే వసారా అంతా పరిస్తే ఏమవుతుంది? నేల తడుస్తుంది, అంతే. రెట్లు పెంచడమంటే అలా పరచడమే. మీ గొట్టం మీద ఫోకల్ లెంగ్త్ (ముందరి కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటు దాకా దూరం) 700 మిల్లీమీటర్లు అని ఉంటుంది. దాన్ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకంతో, భాగిస్తే 175 రెట్లు. దాని ముందు, బొమ్మను ఇంకా మూడు రెట్లు పెంచే బార్లో లెన్స్ పెడితే 525. లెక్క సరైనదే, కానీ చెంబు సరిపోదు. ముందరి కటకం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంటే మీకు 120 రెట్లు. అది దాటితే మసకే. పిల్లలు దాచుకున్న డబ్బులతో కొనే వస్తువు మీద అలాంటి అంకెలు వేయడం నాకు బాధగా ఉంటుంది. ఏది కొన్నా డబ్బా మీద చిన్న అక్షరాలు కూడా చదవడం అలవాటు చేసుకోండి.

ఇక ఊగడం సంగతి. గిన్నె కదిలితే నీళ్ళు తొణుకుతాయి. మీ స్టాండు కాళ్ళు మరీ సన్నం. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో చేరి, 1967 దాకా సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్ అనే ఆయన, పాత ఓడ కిటికీల గాజును చేత్తో అరగదీసి అద్దాలు చేసేవారు. వాటిని అట్ట గొట్టాల్లో అమర్చి, చెక్కపెట్టెల మీద కదలకుండా నిలబెట్టేవారు. రోడ్డు పక్కన పెట్టి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చంద్రుణ్ణి చూపించేవారు. ఆ పద్ధతిలో చేసినవే డాబ్సోనియన్‌లు. కొంటే 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ కొనండి. రెట్ల అంకె అడగనే అడగొద్దు.

అంతకు ముందు ఒక పని చేయండి. బార్లో లెన్స్ పక్కన పెట్టి, 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టండి. 35 రెట్లే వస్తుంది, చాలు. 1610 జనవరిలో గెలీలియో ఇరవై రెట్ల గొట్టంతోనే గురుడి పక్కన నాలుగు చందమామలను చూశాడు! కిటికీలోంచి కాదు, డాబా మీదికి వెళ్ళండి. స్టాండు కాళ్ళు పొట్టిగా చేసి, కింద కూర్చుని చూడండి. పగలు మాత్రం దాన్ని సూర్యుడి వైపు తిప్పనే తిప్పొద్దు, కళ్ళు పోతాయి.

గురుడికి అటూ ఇటూ కనిపించే చుక్కలను కాగితం మీద గీయండి. మర్నాడు అదే వేళకు మళ్ళీ గీయండి. అవి ఎందుకు చోటు మారాయో ఇప్పుడు చెప్పను. రెండు బొమ్మలూ ఫొటో తీసి పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మీ తాతయ్య