పుంజు, పసిబిడ్డ: పల్లెల్లో నేను వినే అపోహలు

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో పశువైద్యం చేస్తుంటా. గొర్రెలకు నట్టల మందు తాపడానికి పోయినా చివరకు పుంజు మాట వస్తుంది. "సార్, ఇది పిల్లోని మీదికి ఎగురుతాంది, ఏమన్నా సూది ఉండాదా?" అలాంటి సూదేమీ లేదు.

అపోహ: చేతుల్లో పెరిగిన పుంజు ఇంటి పిల్లల జోలికి రాదు.

వాస్తవం: చాలాసార్లు ఆ పుంజే వస్తుంది. మనిషంటే బెదురు పోయాక మనిషి కూడా దానికి ఇంకో పుంజే. నాలుగైదు నెలలు దాటి కూత పట్టేసరికి గుణం మారుతుంది. నిన్నటిదాకా ఒళ్లో కూచుని బొరుగులు తిన్నది ఈరోజు మీదికి దూకుతుంది. విశ్వాసం లేదని తిట్టుకోనక్కర్లేదు, పెట్టల్ని కాచుకోవడం దాని పని.

దూకేముందు చాలా పుంజులు సైగ చేస్తాయి. ఒక రెక్క నేలకు జారుస్తుంది, పక్కవాటుగా అడుగులేస్తుంది, మెడ ఈకలు విప్పుతుంది, గింజ లేని చోట కూడా నేల పొడుస్తుంది. పెద్దోళ్లకైతే దెబ్బ మోకాలి దగ్గర పడుతుంది. మూడేళ్ల బిడ్డకు అదే ఎగురు మొహానికి తగులుతుంది. నా భయమంతా కంటి గురించే. అందుకే ఐదేళ్ల లోపు బిడ్డ వాకిట్లో ఉంటే పుంజు గంప కింద ఉండాల్సిందే.

అపోహ: నాలుగు తంతే బుద్ధొస్తుంది.

వాస్తవం: తన్నడమంటే పోటీకి పిలవడమే. ఒకింట్లో తాత రోజూ పుంజును తన్నేవాడు, మనవడు చప్పట్లు కొట్టేవాడు. కొన్నాళ్లకు పుంజు తాతను వదిలేసి మనవడి కోసం కాచుకోవడం మొదలుపెట్టింది. వాడు పరిగెత్తేకొద్దీ దానికి గెలుపే కదా! ఆ ఇంటి అవ్వది మంచి ఉపాయం. చేట అడ్డం పట్టుకుని, కొట్టకుండా, నిదానంగా ముందుకు నడిచేది. పుంజు పక్కకు తప్పుకునేదాకా ఆగేది కాదు. పిల్లలకు మాత్రం ఈ పని చెప్పొద్దు. వాళ్లకు నేర్పాల్సింది ఒకటే: వీపు చూపించి పరిగెత్తకుండా, కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని, పెద్దోళ్లను కేకేయడం.

అపోహ: పందెం జాతి కాబట్టే పొడుస్తుంది.

వాస్తవం: పందేలకు పెంచే అసీల్ జాతి పుంజు పోరు ఇంకో పుంజుతో. రోజూ చేతులు పడే అసీల్ మనుషుల దగ్గర నెమ్మదిగా ఉండటం నేను చాలా చూశా. ఆ మాటకొస్తే పిల్లలకోడి కూడా తక్కువదేం కాదు.

అపోహ: పుంజు కాలి ముల్లు కోసేస్తే సరి.

వాస్తవం: ముల్లు లోపల ఎముక ఉంటుంది, మొదలంటా కోస్తే నెత్తురు కారుతుంది. కొసను ఆకురాయితో మొద్దు చేయొచ్చు, కానీ అది మళ్లీ పెరుగుతుంది. ముక్కు ఎటూ ఉండనే ఉంది.

అపోహ: కోడి పొడిస్తే పిచ్చికుక్క సూదులు వేయించాలి.

వాస్తవం: కోడి వల్ల రేబిస్ రాదు, అది పాలిచ్చి పెంచే జంతువుల నుంచి వచ్చే జబ్బు. చూసుకోవాల్సింది ధనుర్వాతం. ముల్లు గాయం పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది, దాంతోపాటు పేడా మన్నూ లోపలికి పోతాయి. సబ్బుతో కుళాయి ధార కింద బాగా కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం అద్దొద్దు. 16–24 నెలలకు, 5–6 ఏళ్లకు, 10 ఏళ్లకు వేయాల్సిన టీకాలు పడ్డాయో లేదో కార్డులో చూసి, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోండి. కంటి దగ్గర తగిలితే నలపకుండా, ఏ పసరూ పోయకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికే.

రెండుసార్లు బిడ్డ మీదికి దూకిన పుంజు ఆ ఇంట్లో ఉండకూడదని నా పట్టు. రాగి సంగటిలోకి పులుసైనా నాకేం అభ్యంతరం లేదు. దానితో జతకట్టిన పెట్టల గుడ్లు మాత్రం పొదగేయకండి, ఆ గుణం కోడిపిల్లలకూ దిగొచ్చు.

"మారెమ్మకు మొక్కుకున్నాం సార్, జాతర దాకా ముట్టుకోకూడదు" అంటారు కొందరు. ముట్టుకోకండి. గంప కింద పెట్టొద్దని అమ్మవారు చెప్పలేదు కదా! గంప మీద బరువైన రాయి పెట్టండి, ముదురు పుంజు ఉత్త గంపను తోసుకుని వచ్చేస్తుంది.