మిద్దె మీద బత్తాయి: అసలు సంగతి వేర్లలో ఉంది

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి మూడెకరాలకు పైగా పరుచుకుంది. అదే మర్రిని చిన్న పళ్లెంలో బోన్సాయ్‌గా పెంచితే ఏళ్లు గడిచినా మోకాలెత్తు దాటదు. రెండూ ఒకే జాతి. పిల్లలమర్రి కొమ్మల నుంచి ఊడలు దిగి, నేల తాకిన చోటల్లా కొత్త వేర్లు పోసుకున్నాయి. బోన్సాయ్‌కి ఆ చోటు లేదు, ఉన్న కాస్త వేరునూ మనిషి కత్తిరిస్తూ ఉంటాడు. చెట్టు ఎంత పెరగాలి, ఎంత కాయాలి అన్నది చాలావరకు కిందే తేలుతుంది. మిద్దె మీద బత్తాయో దానిమ్మో పెంచేవాళ్లు మాత్రం ఆకు పసుపెక్కితే ఆకు వైపే చూస్తారు, మందు కూడా ఆకు మీదే కొడతారు. నల్లగొండ, పాలమూరు ఎండల్లో, ఇక్కడి బోరు నీళ్లతో కుండీలో చెట్టు పెంచాలంటే ముందుగా కుండీ లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

నర్సరీకి పోయి డ్వార్ఫ్ మొక్క కావాలంటే, నడుమెత్తు మొక్కను కాయతో సహా చూపిస్తారు. కాయ ఉన్నంత మాత్రాన అది పొట్టి రకం కాదు. కాపుకొచ్చిన చెట్టు కొమ్మను తెచ్చి అంటు కట్టినప్పుడు ఆ కొమ్మకు పూత వయసు అప్పటికే వచ్చి ఉంటుంది. అందుకే అంటు మొక్క ఏడాది, రెండేళ్లకే పూస్తుంది. టెంక నాటిన మామిడికి ఆ వయసు రావాలంటే ఐదేళ్లయినా పడుతుంది. త్వరగా కాయడం వేరు, పొట్టిగా ఉండటం వేరు. నేలలో నాటితే అంటు మొక్క కూడా పెద్ద చెట్టే అవుతుంది.

నిజమైన పొట్టితనం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, రకమే పొట్టిది కావడం. మామిడిలో ఆమ్రపాలి అలాంటిది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో దశేరి, నీలం రకాలను సంకరం చేసి దీన్ని తయారుచేశారు. చెట్టు గుబురుగా, చిన్నగా ఉంటుంది, ఏటా కాస్తుంది. మిద్దె మీద మామిడి కావాలంటే నేను ముందు దీని పేరే చెబుతాను.

రెండో దారి వేరుమూలం, అంటే అంటు కట్టిన కింది మొక్క. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎం9 అనే వేరుమూలం మీద అంటు కడితే, ఎంతో ఎత్తు పెరగాల్సిన ఆపిల్ చెట్టు మనిషి చేతికందేంత ఎత్తులోనే ఆగిపోతుంది. ఇది ఎలా సాధ్యం? కొమ్మ చివర్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ బెరడు గుండా వేర్లకు దిగాలి. వేర్లు తయారుచేసే సైటోకైనిన్ అనే మరో హార్మోన్ పైకి ఎక్కాలి. పొట్టి వేరుమూలంలో ఆక్సిన్ కిందికి దిగడం మందగిస్తుంది, దాంతో వేరు తక్కువ పెరుగుతుంది, పైకి పోయే సైటోకైనిన్ కూడా తగ్గుతుంది. పైగా దాని కలపలో నీళ్లు మోసే గొట్టాలు సన్నగా ఉంటాయి. ఇలా నీళ్లూ హార్మోనూ రెండూ తక్కువగా అందడంతో కొమ్మ నిదానిస్తుంది.

మన బత్తాయి సంగతికొస్తే, నల్లగొండ తోటల్లోని సాత్‌గుడి రకాన్ని సాధారణంగా రంగపూర్ నిమ్మ మీద కన్ను అంటు కడతారు. అది బలంగా పెరిగే వేరుమూలం, చెట్టును పొట్టి చేయదు. నిమ్మజాతిలో పొట్టి చేసేది ఫ్లయింగ్ డ్రాగన్ అనే మూడాకుల నారింజ రకం. చదివిన ప్రతివాళ్లూ దాని కోసం వెతుకుతున్నారు. నా మాట మాత్రం వెతకొద్దనే. మూడాకుల నారింజకు సున్నపు నేలా, ఉప్పు నీళ్లూ గిట్టవు. రంగపూర్ నిమ్మ ఆ రెండింటినీ చాలావరకు తట్టుకుంటుంది, బెట్టనూ ఓర్చుకుంటుంది. మన నీళ్లకు అదే సరి. పొట్టి చేసే పని కుండీకి వదిలేయొచ్చు.

కుండీ ఆ పని గట్టిగానే చేస్తుంది. కుండీ సైజు మీద వచ్చిన అనేక ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి 2012లో ఒక విశ్లేషణ వెలువడింది. కుండీ రెట్టింపైతే మొక్క బరువు సగటున 43 శాతం పెరుగుతుందని అందులో తేలింది. కాబట్టి మరీ చిన్న కుండీ తీసుకుంటే చెట్టుతో పాటు కాపూ చిన్నదవుతుంది. బత్తాయి, దానిమ్మ, సీతాఫలం లాంటి వాటికి చివరికి 60 లీటర్లయినా ఉండాలి. తడిసిన మట్టితో అది క్వింటాలు దాకా తూగుతుంది, అందుకే స్లాబు నడిమధ్యలో కాకుండా కింద గోడో దూలమో ఉన్నచోట పెట్టాలి.

ఇక మట్టి. కుండీ అడుగున కంకర పోస్తే నీళ్లు బాగా దిగిపోతాయని అందరూ అంటారు. జరిగేది దానికి తలకిందులు. నీళ్లు నిండిన స్పాంజిని పడుకోబెడితే కాసేపు కారి ఆగిపోతుంది. దాన్నే నిలబెడితే ఇంకా కారుతుంది. ఎలా పెట్టినా అడుగున కొంత మందం తడి మాత్రం దిగకుండా ఉండిపోతుంది. కుండీ మట్టిలోనూ అలాంటి తడి పొర ఒకటి అడుగున నిలుస్తుంది. సన్నని మట్టిలోని నీళ్లు కింద ఉన్న పెద్ద సందుల కంకరలోకి తేలిగ్గా దిగవు. కంకర పోసినప్పుడు ఆ పొర పోదు, పైకి జరిగి వేర్ల దగ్గరికొస్తుంది. మట్టి ఎంత సన్నగా ఉంటే ఆ పొర అంత మందంగా ఉంటుంది. నల్లరేగడిని కుండీలో నింపితే వేరుకు గాలి ఆడదు. లోతైన కుండీ తీసుకుని, ఎర్రమట్టిలో ముతక ఇసుక, మాగిన పశువుల ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు కలపాలి. మిర్యాలగూడ చుట్టుపక్కల వాళ్లకు రైసుమిల్లు ఊక తేలిగ్గా దొరుకుతుంది, అదీ మట్టిని గుల్లగా ఉంచుతుంది. బాయిలర్ బూడిద మాత్రం వద్దు. దానికి క్షారగుణం ఎక్కువ, మన నీళ్లలో ఉన్న క్షారమే చెట్టుకు భారం.

ఆ నీళ్ల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కుండీ చెట్లు ఎక్కువగా చచ్చేది దీనివల్లే. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్లు రోజుకు 5 లీటర్లు పోస్తున్నామనుకుందాం. రోజుకు 5 గ్రాముల ఉప్పు కుండీలో చేరుతుంది. చెట్టు నీళ్లను తాగి ఆవిరిగా వదిలేస్తుంది, ఉప్పులో చాలాభాగం మాత్రం మట్టిలోనే మిగులుతుంది. నెలకు 150 గ్రాములు, ఎండాకాలం నాలుగు నెలలకు 600 గ్రాములు. పొలంలో అయితే వానకు అది కిందికి కొట్టుకుపోతుంది. కుండీలో పోయే దారి అడుగున ఉన్న కన్నం ఒక్కటే. మట్టి కుండీ అంచున తెల్లగా పేరుకునే పొర ఈ ఉప్పే.

ఫ్లోరైడ్ భయంతో నల్లగొండ జిల్లాలో ఊరూరా నీటి శుద్ధి ప్లాంట్లు వచ్చాయి, ఇళ్లలో ఆర్వో మెషీన్లు వచ్చాయి. వాటి నుంచి వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని చాలామంది మొక్కలకు పడుతున్నారు. మనసు మంచిదే కానీ కుండీ చెట్టుకు అది విషంలా పనిచేస్తుంది. నీళ్లలో సగం తాగడానికి వేరుచేస్తే, మొత్తం ఉప్పు దాదాపుగా మిగిలిన సగంలోకి చేరి రెండింతల చిక్కదనం వస్తుంది. ఆ నీళ్లు బండలు కడగడానికి వాడుకోండి. చెట్లకు కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అవి పోయండి, వాన నీళ్లు పట్టుకోగలిగితే ఇంకా మంచిది. బోరు నీళ్లే దిక్కయితే పోసిన ప్రతిసారీ కొంత అడుగు నుంచి కారేలా పోయాలి. వానాకాలంలో కుండీలను రేకుల కింద దాచొద్దు, తడవనివ్వండి.

ఉప్పుతో పాటు మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. అది మట్టిని క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. బత్తాయి లేత ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. ఈనెలు ఆకుపచ్చగా వల అల్లినట్టు ఉండి, మధ్యభాగం పసుపెక్కితే అది ఇనుము లోపం. ఇనుము పాత ఆకు నుంచి కొత్త ఆకుకు కదలదు కాబట్టి చిగురుకే ముందు తెలుస్తుంది. ముదురాకులు ముందు పండితే అది నత్రజని కొరత, దారి వేరు. ఇనుము లోపానికి లీటరు నీళ్లలో 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగొస్తుంది. నీళ్లు మారకపోతే లోపమూ తిరిగొస్తుంది.

ఎండ సంగతి. మే నెలలో గాలే 44, 45 డిగ్రీలు ఉంటే, పడమటి ఎండ తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీ గోడ 50 దాటుతుంది. చాలా పండ్ల చెట్ల వేర్లు 38 దాటాక పెరగడం ఆపేస్తాయి. కుండీలో చురుకైన సన్నవేర్లన్నీ ఆ గోడనే ఆనుకుని ఉంటాయి. మధ్యాహ్నం మట్టి తడిగా ఉన్నా ఆకు వాలిపోతోందంటే దెబ్బ తిన్నది వేరు, మళ్లీ నీళ్లు పోస్తే ఇంకా నష్టం. కుండీలను ఇటుకల మీద ఎత్తి దగ్గర దగ్గరగా పెట్టండి, బయటి వైపు సున్నం పూయండి, పడమటి వైపు తడి గోనె కప్పండి. మట్టి కుండీ గోడ నుంచి నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది. ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. దానికి నీళ్లు ఎక్కువ పడతాయి, అయినా మన ఎండలకు నేను మట్టి కుండీనే కోరుకుంటాను.

సీతాఫలం ఒక్కదానికి పువ్వు దగ్గర కూడా సాయం కావాలి. పాలమూరు బాలానగర్ పేరుతోనే దేశమంతా తెలిసిన రకం ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకు దీని మీద మమకారం ఎక్కువ. దీని పువ్వు ముందు ఆడ, తర్వాత మగ. మూడు దళసరి రేకులు చివర కాస్త విడినప్పుడు లోపలి కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) జిగటగా ఉంటాయి, పుప్పొడి ఉండదు. రేకులు పూర్తిగా విచ్చుకున్నాక పుప్పొడి రాలుతుంది, అప్పటికి కీలాగ్రాలు ఎండిపోతాయి. ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు మోసిపెట్టే చిన్న పెంకుపురుగులు మిద్దె మీదికి అంతగా రావు. ఉదయాన్నే బాగా విచ్చిన పువ్వు నుంచి మెత్తటి బ్రష్‌తో పుప్పొడి తీసి, సగం విడిన పువ్వు రేకుల్ని వేలితో పక్కకు ఒత్తి లోపల చుట్టూ రాయాలి. వేసవి పొడిగాలిలో కీలాగ్రాలు త్వరగా ఎండిపోతాయి. తొలకరి తర్వాత చేస్తే పిందె బాగా నిలుస్తుంది.

రెండు మూడేళ్లకోసారి చెట్టును కుండీలోంచి తీయక తప్పదు. గోడ వెంట గుండ్రంగా తిరిగిన వేర్లను పదునైన కత్తితో చుట్టూ రెండంగుళాలు చెక్కి, కొత్త మట్టి కలిపి మళ్లీ పెట్టాలి. ఎంత వేరు పోయిందో ఆ మేరకు పై కొమ్మల్ని కూడా తగ్గించాలి. బత్తాయి, నిమ్మకు తొలకరి వానలు పడ్డాక, అంజీర్, సీతాఫలానికి ఆకు రాల్చిన చలికాలం చివర ఈ పని పెట్టుకోవాలి. రెండు వారాలు నీడలో ఉంచండి. బత్తాయిలో అంటు కట్టిన చోటుకు కింద ముళ్లతో దూసుకొచ్చే కొమ్మలు రంగపూర్ నిమ్మవి, వాటిని మొదట్లోనే తీసేయండి. ఎరువు మాత్రం వెంటనే వేయొద్దు. చిగురు వచ్చాక, అదీ కొద్దికొద్దిగా వేయండి.