కర్ణుడి చావుకు కారణాలెన్ని? విధికీ స్వయంకృతానికీ మధ్య నడిచిన వాదం

విషాద నాయకుడి పతనానికి విధి కారణమా, అతని స్వభావ దోషమా అన్నది హైదరాబాదు కాలేజీల్లో ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి బాగా పరిచయమైన ప్రశ్న. అక్కడ ఉదాహరణలు గ్రీకు నాటకంలోని ఈడిపస్, షేక్‌స్పియర్ నాటకంలోని మాక్‌బెత్. ఇంటికి వస్తే అదే ప్రశ్న కర్ణుడి పేరుతో ఎదురవుతుంది. ఈ రెండు చర్చలూ చరిత్రలో ఎదురెదురు దిశల్లో నడిచాయి. పాశ్చాత్య విమర్శ క్రమంగా విధిని పక్కకు నెట్టి నాయకుడిలో తప్పులు వెదికింది. మనం కర్ణుడి తప్పులు ఒక్కొక్కటిగా తుడిచి, భారమంతా విధి మీద వేశాం.

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పింది నిజానికి చాలా మితమైన మాట. విషాద నాయకుడు పరమ ధర్మాత్ముడూ కాకూడదు, పరమ దుర్మార్గుడూ కాకూడదు. ఏదో ఒక పొరపాటు వల్ల అతను పడిపోవాలి. తర్వాతి వ్యాఖ్యాతలు ఆ పొరపాటును అహంకారం, అత్యాశ వంటి నైతిక దోషంగా మార్చారు. షేక్‌స్పియర్ విషాదాంతాలపై ఇంగ్లీషు విమర్శకుడు ఎ. సి. బ్రాడ్లీ ఉపన్యాసాలు 1904లో పుస్తకంగా వచ్చాక, నాయకుడి స్వభావంలోంచే పతనం పుడుతుందన్న పద్ధతి తరగతి గదుల్లో స్థిరపడింది. అయితే ఈడిపస్ ఆ చట్రంలో ఇమడడు. తండ్రిని చంపుతాడన్న జోస్యం అతని కన్న ముందే పుట్టింది. అయినా మూడు దారులు కలిసేచోట, తండ్రి అని తెలియక, ఆయన మీద చెయ్యెత్తింది అతనే. భార్య జొకాస్టా బతిమాలుతున్నా నిజం కోసం విచారణ ఆపనిదీ అతనే. ఈ బాధలు తెచ్చింది అపోలో దేవుడనీ, తన కళ్లు పొడిచిన చెయ్యి మాత్రం తనదేననీ నాటకకర్త సోఫోక్లిస్ అతని నోటనే పలికించాడు. అతనిది పాపానికి శిక్షా కాదు, అతను విధి ఆడించిన బొమ్మా కాదని గ్రీకు సాహిత్య పండితుడు ఇ. ఆర్. డాడ్స్ 1966లో ఒక వ్యాసంలో గట్టిగా వాదించాడు.

తెలుగు నాటక రంగానికి విషాదాంతం పందొమ్మిదో శతాబ్దపు చివరి దశల్లో, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన ‘విషాద సారంగధర’తో వచ్చిందంటారు. సవతి తల్లి మోపిన అబద్ధపు నిందకు బలైన సారంగధరుడిలో ఏ దోషమూ లేదు. అరిస్టాటిల్ అయితే అతణ్ణి విషాద నాయకుడిగా ఒప్పుకునేవాడు కాదు.

మనవాళ్లకు అసలైన విషాద నాయకుడు కర్ణుడే. అతని చావుకు ఆరుగురు కారకులని ఒక చాటుపద్యం చెబుతుంది: అర్జునుడు, కృష్ణుడు, కుంతి, ఇంద్రుడు, భూదేవి, పరశురాముడు. ఈ పట్టికలో కర్ణుడి పేరు లేదు. మూలకథను దగ్గరగా చూస్తే, అందులోని చాలా కారణాల వెనుక అతని నిర్ణయం ఒకటి కనిపిస్తుంది. పరశురాముడు శపించింది బ్రాహ్మణుడినని అబద్ధమాడి అస్త్రం నేర్చుకున్నందుకు. ఇంద్రుడు కవచకుండలాలు అడగబోతున్నాడని సూర్యుడు ముందే హెచ్చరించినా, కీర్తి కోసం తెలిసే ఇచ్చాడు. నేల రథచక్రాన్ని మింగడానికి, పొరపాటునే అయినా, అతను హోమధేనువును చంపడం కారణమని భారతం చెబుతుంది. జానపద కథ దాన్ని మార్చి, ఏడుస్తున్న చిన్నపిల్ల కోసం ఒలికిన నేతిని మట్టిలోంచి పిండిన దయగా చేసింది. ఇంత అందమైన మార్పు చేసిన జనం కర్ణుణ్ణి ఎంత ప్రేమించారో అర్థమవుతుంది. కానీ ద్రౌపది వలువలు లాగమని సభలో అన్నది అతనేనన్న సంగతి ఆ ప్రేమలో మరుగున పడింది. చక్రం కుంగినప్పుడు అతను ధర్మం గుర్తుచేస్తే, ఆనాడు నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు ఒక్కొక్కటీ ఎత్తి అడుగుతాడు.

1977లో ఎన్టీ రామారావు ‘దాన వీర శూర కర్ణ’ ఈ సానుభూతికి కొత్త బలమిచ్చింది. కులం పేరుతో అవమానం పడిన వీరుడిగా కర్ణుడు ఈ తరానికి ఆ సినిమా ద్వారానే తెలుసు. ఆ అవమానం నిజం, దాన్ని ఎత్తిచూపడం అవసరం కూడా. కాకపోతే అన్యాయానికి గురైనవాడు అన్యాయం చేయలేడన్న అర్థం దానికి తోడు కావడం కర్ణుణ్ణి చిన్నవాణ్ణి చేస్తుందని నా అభిప్రాయం.

దైవం గొప్పదా, పురుషకారం (మనిషి ప్రయత్నం) గొప్పదా అని అనుశాసనిక పర్వంలో ధర్మరాజే భీష్ముణ్ణి అడుగుతాడు. పురుషకారం పొలమనీ, దైవం విత్తనమనీ, రెండూ కలిస్తేనే పంట అనీ జవాబు. కర్ణుడికి ఈ లెక్క తెలుసు. ఉద్యోగ పర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యం ఇస్తానన్నప్పుడు, తమ పక్షం ఓడిపోతుందని తెలిసే అతను కాదంటాడు. రాధ పెంచిన చేతుల్నీ, దుర్యోధనుడి ఉప్పునూ వదలలేనంటాడు. ఆ సంభాషణలోనే, దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవులను పరుషంగా అన్న మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానని ఎవరూ అడగకుండానే చెబుతాడు.