నూనె మీద పాత కేసు, కొత్త సాక్షి

సన్‌ఫ్లవర్ ఆయిల్ డబ్బా మళ్లీ బోనెక్కింది. 2025 మార్చిలో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక పేపర్ ప్రచురించారు. సన్‌ఫ్లవర్, సోయా నూనెల్లో దండిగా ఉండే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు, హార్మోన్ మందులు పనిచేయని ట్రిపుల్ నెగెటివ్ రకం రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎఫ్‌ఏబీపీ5 అనే ప్రోటీన్‌కు అతుక్కుని, కణం పెరుగుదలను ఎగదోస్తుందని చూపించారు. ఆ ఆమ్లం ఎక్కువగా పెట్టిన ఎలుకల్లో కణితులు పెరిగాయి. మిగతా రకాల రొమ్ము క్యాన్సర్‌లో ఆ ప్రభావం కనిపించలేదు. వాట్సాప్‌కు చేరేసరికి ఈ చివరి ముక్క, ఎలుక రెండూ మాయమై ‘నూనె తింటే క్యాన్సర్’ మిగిలింది.

కొవ్వు తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న కేసు పాతదే. ఎలుకల ప్రయోగాలు, కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో ఆ క్యాన్సర్ ఎక్కువన్న లెక్కలు చూసి 1982లోనే అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మొత్తం కేలరీల్లో కొవ్వు వాటాను 40 శాతం నుంచి 30కి దించమని చెప్పేసింది. అసలు మలుపు 1987. హార్వర్డ్‌కు చెందిన వాల్టర్ విలెట్ బృందం 89,538 మంది నర్సులను ఏం తింటున్నారో అడిగి, నాలుగేళ్లు గమనించింది. 601 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కొవ్వు బాగా తిన్నవాళ్లకు ఎక్కువ వచ్చిందా అంటే, లేదు. దేశాన్ని దేశంతో పోల్చితే కనిపించిన తేడా, మనిషిని మనిషితో పోల్చేసరికి నిలవలేదు. డబ్బున్న దేశాల్లో ఎక్కువగా ఉండేది కొవ్వు ఒక్కటే కాదు కదా. అక్కడ బరువులూ ఎక్కువ, కాన్పులూ తక్కువ.

అందరికంటే తక్కువ తిన్న నర్సులు కూడా 32 శాతం దాకా తిన్నారు, అది తక్కువెలా అవుతుందని కొవ్వునే తప్పుపట్టే అవతలివాళ్లు అడిగారు. సబబైన ప్రశ్నే. దాన్ని తేల్చడానికి 48,835 మంది మహిళలతో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రయోగం నడిపారు. వాళ్లలో కొందరిని కొవ్వు తగ్గించమన్నారు, లక్ష్యం 20 శాతం. ఆరో ఏడుకు 29 దగ్గర ఉన్నారు (ఇంట్లో నూనె తగ్గించమని చెప్పి చూసినవాళ్లకు ఇది వింతేం కాదు). 2006లో ఫలితం వచ్చింది: మిగతావాళ్లతో పోల్చితే రొమ్ము క్యాన్సర్ 9 శాతం తక్కువ, అదీ కాకతాళీయం కావచ్చనేంత తేడా. 2019లో, దాదాపు 20 ఏళ్ల లెక్క తీసి, ఆ క్యాన్సర్ మరణాలు 21 శాతం తగ్గాయన్నారు. కాకపోతే వాళ్లు కూరగాయలు, పళ్లు కూడా పెంచారు, కాస్త బరువూ తగ్గారు.

ఇక ఈ భయంతో గానుగ నూనెకు మారినవాళ్ల సంగతి. గింజను గానుగలో ఆడించినంత మాత్రాన లినోలిక్ ఆమ్లం ఎక్కడికీ పోదు. నువ్వుల నూనెలోనే అది 40 శాతం దాకా ఉంటుంది.