21 రోజులు, 3 శాతం మంది: లక్ష్యాల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: లక్ష్యాన్ని డైరీలో రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: దీనికి రుజువుగా ఓ కథ చెబుతుంటారు. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం కంటే ఎక్కువ ఆస్తి కూడబెట్టారట. అలాంటి అధ్యయనం జరిగిందనడానికి ఆధారమే లేదు. అయినా వ్యక్తిత్వ వికాస తరగతుల్లో పిల్లలకు ఇంకా ఇదే చెబుతున్నారంటే బాధేస్తుంది.

రాయడం మంచిదే, కానీ ఏం రాశారన్నది చూడాలి. ‘గ్రూప్-2 కొట్టాలి’ అన్నది కోరిక మాత్రమే. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. ‘ఈ నెలాఖరుకి పాలిటీ ఒకసారి పూర్తి, ప్రతి ఆదివారం 50 ప్రశ్నల పరీక్ష’ అని రాస్తే ఎంతవరకు వచ్చారో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. దానికి వేళ, చోటు కూడా జతచేయండి: ‘రాత్రి భోంచేసి కంచం తీయగానే, ముందుగదిలో బల్ల దగ్గర 25 ప్రశ్నలు.’ అడ్డంకికీ ఒక వరుస రాయండి: ‘చుట్టాలొస్తే, పొద్దున్నే 10 ప్రశ్నలైనా.’ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనల్లో బాగా నిలబడింది ఈ ‘ఇలా జరిగితే అలా చేస్తా’ పద్ధతే. ఆ క్షణం వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించి తేల్చుకునే పని ఉండదు.

అపోహ: 21 రోజులు వదలకుండా చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట ఇది. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నారాయన. ఆ ‘కనీసం’ ఎక్కడో జారిపోయింది. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, కొత్త అలవాటు కుదరడానికి సుమారు 66 రోజులని తేలింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, ఇంకొందరికి 254 దాకా పడుతుందని లెక్క వచ్చింది. ఒక గ్లాసు నీళ్లు తాగడం త్వరగా కుదురుతుంది, వ్యాయామం అలా కాదు. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. 22వ రోజున ‘నావల్ల కాదు’ అని వదిలేసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

అపోహ: గడువు ఎంత బిగిస్తే పని అంత త్వరగా అవుతుంది.

వాస్తవం: 1994లో అచ్చయిన కెనడా పరిశోధనలో, థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని విద్యార్థులను అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైనే. అందుకే గడువును ఊహతో బిగించకుండా, గత మూడు వారాల్లో నిజంగా కూర్చున్న గంటలతో లెక్క వేయండి. 300 పేజీలు, గంటకు 8 పేజీలు, వారానికి 6 గంటలు అయితే ఆరు వారాలు దాటుతుంది. తొమ్మిది వారాలు వేసుకోండి.

అపోహ: అందేంత చిన్న లక్ష్యమే పెట్టుకోవాలి.

వాస్తవం: మనస్తత్వవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్‌ల పరిశోధనల ప్రకారం, ‘చేతనైనంత చేస్తా’ అనుకున్నవాళ్ల కంటే కష్టమైన, స్పష్టమైన అంకె పెట్టుకున్నవాళ్లే ఎక్కువ సాధిస్తారు. ఒక మినహాయింపు ఉంది: పని పూర్తిగా కొత్తదైతే అంకె వెంట పడకండి. ‘ఈ నెలలో మూడు రకాలుగా చదివి, ఏది గుర్తుంటుందో చూస్తా’ అని పెట్టుకోండి. మార్కుల లక్ష్యం ఆ తర్వాత.