కోడిపిల్ల రెక్కలో పాత వైరస్

విశాఖ దగ్గర ఆనందపురం దాటాక ఒక హేచరీలో పోయిన చలికాలం ఓ గంటసేపు నిలబడ్డాను. ఆ ఉదయమే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లలు ట్రేల నిండా కిచకిచలాడుతున్నాయి. ఒకామె ఒక్కో పిల్లను ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో రెక్కను విసనకర్రలా విప్పి, ఒక్క చూపు చూసి, అటు పెట్టెలోనో ఇటు పెట్టెలోనో వేసేస్తోంది.

"ఎలా తెలుస్తుందమ్మా?" అంటే ఒకదాన్ని నా ముక్కు దగ్గరకు తెచ్చింది. "ఇదిగో బాబూ, ఈకలు రెండు వరసలు. కిందవి పొడుగు, పైవి పొట్టి అయితే పెట్ట. రెండూ సమానంగా ఉంటే పుంజు. అంతే."

ఆమె పనికి అంతే చాలు. ఆ పిల్లల తల్లులు ఈకలు నిదానంగా మొలిచే రకం, తండ్రులు త్వరగా మొలిచే రకం. ఈ వేగం రాసి ఉండేది జెడ్ అనే లింగ క్రోమోజోమ్ మీద. పక్షుల్లో ఆడదానికి జెడ్ ఒక్కటే ఉంటుంది, అదీ తండ్రి నుంచే వస్తుంది. తల్లి జెడ్ కొడుకులకే పోతుంది. అందుకే కూతుళ్లకు తండ్రి తొందర, కొడుకులకు తల్లి నిదానం. ఆ నిదానం రాసి ఉన్న చోట డీఎన్ఏ ముక్క ఒకటి రెండుసార్లు పడి ఉంది. ఆ ప్రాంతంలోనే ఒక వైరస్ కూడా కాపురం పెట్టింది. దాని పేరు ఈవీ21. ఎప్పుడో ఏ కోడికో సోకి, పిల్లలకు వెళ్లే కణాల డీఎన్ఏలోకి చొరబడి, అక్కడి నుంచి ఇంటిపేరులా తరతరాలకూ దిగుతూ వస్తోంది.

ఇలా డీఎన్ఏలో చోటు సంపాదించి, అక్కడి నుంచి ఇంకోచోటికి వెళ్లగలిగే ముక్కల్ని ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్లంటారు. మనం గెంతే జన్యువులు అందాం. 1940ల్లో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది రంగుల మచ్చల వెంటపడి వీటిని కనిపెట్టింది. 1951లో ఆ సంగతి సభలో చెబితే తోటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది, అప్పటికి ఆమెకు 81 ఏళ్లు.

మన డీఎన్ఏలో దాదాపు సగం ఈ గెంతే జన్యువులూ వాటి శిథిలాలే. కోడి డీఎన్ఏలో అవి పదోవంతు. కోడి జన్యుపటం 2004లో వెలువడింది. అందుకు తీసుకున్నది ఫారం కోడిని కాదు, ఎర్ర అడవికోడిని. మన తూర్పు కనుమల్లో తెల్లవారుజామున కూసేది అదే జాతి. దాని డీఎన్ఏలో 100 కోట్ల పైచిలుకు అక్షరాలున్నాయి, మనకు 300 కోట్లు. జన్యువుల లెక్క చూస్తే మాత్రం ఇద్దరికీ ఇంచుమించు ఇరవై వేలే. తేడా అంతా మిగతా సరుకులో ఉంది.

కోడిలో ఎక్కువగా కనిపించే గెంతే జన్యువు సీఆర్1. అది ఉన్నచోటు వదలదు, తనకు నకలు తీయించి ఆ నకలును వేరేచోట అతికిస్తుంది. పరీక్షల సీజన్‌లో సిరిపురం జిరాక్స్ షాపు ముందు నిలబడ్డవాళ్లకు ఈ వ్యవహారం కొత్తగా ఉండదు. ఒక చిక్కుంది. సీఆర్1 మిషను కాపీని ఆఖరి పేజీ నుంచి మొదలుపెడుతుంది, సగంలోనే కాగితం అయిపోతుంది. కోడిలో సీఆర్1 కాపీలు రెండు లక్షల దాకా ఉన్నాయి, వాటిలో చాలావరకు తల లేని మొండేలే. మళ్లీ నకలు తీయించాలంటే మొదటి పేజీలు ఉండాలి, అవి లేవు కాబట్టి పడ్డచోటే పడి ఉంటాయి.

అయితే పక్షుల డీఎన్ఏ ఇంత సన్నంగా ఉండడానికి కారణమేమిటి? ఎగరడానికి బరువు తగ్గించుకున్నాయి అనేది అందరూ ఠక్కున చెప్పే జవాబు. డీఎన్ఏ బరువెంతని, తగ్గిస్తే ఎంత కలిసొస్తుంది? అసలు లాభం కణం సైజులో ఉంది. డీఎన్ఏ తక్కువైతే కణం చిన్నదవుతుంది, చిన్న కణంలోకి ఆక్సిజన్ చురుగ్గా వచ్చిపోతుంది. రెక్కలాడించడం మహా ఖర్చుతో కూడిన పని. లెక్క సరిపోతున్నట్టే ఉంది: హమ్మింగ్‌బర్డ్‌కు 90 కోట్ల పైచిలుకు అక్షరాలు, ఎగరలేని నిప్పుకోడికి 200 కోట్ల పైచిలుకు. కానీ 2007లో కొందరు శాస్త్రవేత్తలు డైనోసార్ ఎముకల్లో ఒకప్పుడు కణాలుండిన గుంటల్ని కొలిచారు. పక్షుల పూర్వీకుల వంశంలో రెక్కలు రాకముందే ఆ గుంటలు చిన్నవైపోయాయి! అంటే సన్నబడడం ముందు, ఎగరడం తర్వాత. నాకు ఈ కథలో బాగా నచ్చిన మలుపు ఇదే.

సన్నంగా ఉన్నాయంటే కొత్త సరుకేదీ రాలేదని కాదు. హార్మోనియం తిత్తి చూడండి, ఎంత గాలి లోపలికి వస్తే అంత బయటికి పోతుంది. 2017లో పక్షుల్నీ క్షీరదాల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇదే తేలింది. గెంతే జన్యువులు ఒకపక్క చేరుతూనే ఉన్నాయి, ఇంకోపక్క డీఎన్ఏ పెద్దపెద్ద ముక్కలుగా ఊడిపోతూనే ఉంది. ఈ జమాఖర్చు ఎప్పుడూ కుదరాలని లేదు. కంబాలకొండలో చెట్లు టకటకలాడించే వడ్రంగిపిట్టల వంశంలో సీఆర్1 విజృంభించింది. వాటి అమెరికా బంధువు ఒకదాని డీఎన్ఏ చదివితే గెంతే జన్యువులు 22 శాతం తేలాయి, కోడికి రెట్టింపు. అయినా అది ఎగరడం మానలేదు.

పనికిరాని మొండేలని చెప్పాను కదా, పక్షుల చుట్టరికాలు తేల్చేవాళ్లకు అవే బంగారం. సీనియర్ నోట్సు మీద టీ గ్లాసు మరక పడిందనుకోండి, ఆ నోట్సుకు తీసిన ప్రతి జిరాక్స్‌లోనూ, జిరాక్స్‌కు తీసిన జిరాక్స్‌లోనూ అదే వరస మీద అదే మరక వస్తుంది. డీఎన్ఏలో అదేచోట, అదే కొలతకు తెగిన సీఆర్1 రెండు పక్షుల్లో కనిపిస్తే అది ఒకే పూర్వీకుడి మరక.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వచ్చే వేళకు వెళ్తే ఆకాశం నిండా గద్దలు. చేపల బుట్ట మీదికి దిగే గద్దనూ, గాల్లో పావురాన్ని తన్నే బైరినీ పక్కపక్కన పెడితే ఒకే ముక్కు, ఒకే గోళ్లు, ఒకే చూపు. అన్నదమ్ములే అనుకుంటాం. శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 2008లో డీఎన్ఏ పోలికలు వేరేమాట చెప్పాయి, 2011లో ఈ మరకలు దాన్ని ఖాయం చేశాయి: బైరికి దగ్గరి చుట్టాలు చిలకలూ పిచ్చుకలూనట, గద్ద చాలా దూరం. ఇది చదివిన వారం రోజులు మా వరండాలో పిచ్చుకల్ని కొంచెం భయభక్తులతో చూశాను.

మరకలన్నీ ఒకే కథ చెప్పవు కూడా. డైనోసార్లు పోయాక, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, పక్షి వంశాలు గబగబా చీలిపోయాయి. ఒక మరక అందరికీ పంచబడేలోపే ఇల్లు మూడు వాటాలయింది. 2015లో రెండువేలకు పైగా మరకలు పోల్చి చూస్తే, ఆ తొలిరోజుల వంశవృక్షం చెట్టులా కాక వలలా కనిపించింది.

అప్పుడప్పుడూ గెంతు సరిగ్గా మీట మీద పడుతుంది. చిలీ దేశపు అరౌకానా కోళ్లు, చైనాలోని డాంగ్‌షియాంగ్ కోళ్లు నీలిరంగు గుడ్లు పెడతాయి. 2013లో కారణం బయటపడింది: ఒక రెట్రోవైరస్ (ఈవీ21 లాగే డీఎన్ఏలోకి చొరబడే రకం) వచ్చి ఒక జన్యువు పక్కన కూర్చుంది, దాంతో ఆ జన్యువు పెంకు తయారయ్యే చోట మేల్కొంది, పైత్యరసంలో ఉండే ఆకుపచ్చ రంగు పెంకులోకి చేరింది. రెండు దేశాల్లోనూ అదే వైరస్, అదే జన్యువు పక్కన, విడివిడిగా రెండుసార్లు దిగింది.

ఇక బోదకాలు సంగతి. నా చిన్నప్పుడు మా వీధికి ఆరోగ్యశాఖ వాళ్లు రాత్రి పది దాటాక వచ్చేవారు. ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలోకి తేలేది రాత్రిపూటే. మా అమ్మ నిద్రలోంచి లేపి కూర్చోబెడితే, టార్చిలైటు వెలుగులో వేలు గుచ్చి చుక్క రక్తం గాజుపలక మీద పులిమి తీసుకెళ్లేవారు. 2016లో వచ్చిన ఒక పరిశోధన చదువుతుంటే ఆ గాజుపలక గుర్తొచ్చింది. ఏవిఆర్‌టీఈ అనే గెంతే జన్యువు హార్న్‌బిల్లులూ హమ్మింగ్‌బర్డులూ చిలకలూ సహా ఏడు పక్షి వంశాల్లో దొరికింది. పక్షుల్ని వదిలేస్తే అది దొరికింది ఒక్కచోటే, బోదకాలు తెచ్చే పురుగుల్లోనూ వాటి దగ్గరి బంధువుల్లోనూ. తల్లి నుంచి పిల్లకు దిగిన ఆస్తి కాదిది. రెండున్నర కోట్ల ఏళ్ల నుంచి కోటీ డెబ్బై లక్షల ఏళ్ల మధ్య రెండు విడతలుగా, బహుశా పురుగు పక్షి ఒంట్లో ఉండగా, చేతులు మారింది. మనుషులింకా పుట్టని కాలంలో ఆ పురుగుల పూర్వీకులు పిట్టల్లో తిరిగాయన్నమాట. మా వీధి రక్తపు చుక్కల్లో మెదిలిన పురుగుల్లోనూ ఆ ముక్క ఉండే ఉంటుంది.