తాళం సరే, తాళంచెవి ఎక్కడ పెట్టారు?

మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతే పెద్ద టెన్షన్ ఉండదు. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, రెండు నిమిషాల్లో కొత్తది పెట్టుకుంటాం. మెయిల్‌ను వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కీకి పెట్టిన పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) మర్చిపోతే మాత్రం ఆ దారి లేదు. పాత మెయిల్స్ అన్నీ కళ్లముందే ఉంటాయి, ఒక్కటీ తెరుచుకోదు. ఈ తేడా ఎందుకో తెలిస్తే, కీని ఎలా కాపాడుకోవాలో సగం తెలిసినట్టే.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం పద్ధతే కొద్ది మార్పులతో నేటికీ నడుస్తోంది. మీకు ఎవరైనా మెయిల్ రాస్తే, వాళ్ల కంప్యూటర్ అప్పటికప్పుడు ఒక చిన్న కీ తయారుచేసి మెయిల్‌కు తాళం వేస్తుంది. ఆ చిన్న కీకి మళ్లీ, మీరు అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో తాళం పడుతుంది. దాన్ని తీయగలిగేది మీ ప్రైవేట్ కీ ఒక్కటే. ఆ ప్రైవేట్ కీ ఎక్కడో సర్వర్లో లేదు, మీ డిస్క్ మీద ఒక ఫైలుగా ఉంది. పాస్‌ఫ్రేజ్ పని ఆ ఫైలుకు కాపలా కాయడం. అది మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు. ఎవరి దగ్గరా లేనిదాన్ని ఎవరు మాత్రం తిరిగి ఇవ్వగలరు?

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కీ ఫైలును ఎవరైనా కాపీ చేసుకుపోతే, వాళ్లు తీరిగ్గా తమ కంప్యూటర్లో ఎన్ని పాస్‌ఫ్రేజులైనా ప్రయత్నించి చూడొచ్చు. మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ చేసే కాపలాదారు అక్కడ ఉండడు. అందుకే గ్నూపీజీ వంటి ప్రోగ్రాములు పాస్‌ఫ్రేజ్‌ను నేరుగా వాడవు. లక్షలాదిసార్లు తిప్పి నలిపాకే దాన్నుంచి ఆ ఫైలును తెరిచే కీ తీస్తాయి. మీకు ఆ ఆలస్యం తెలియను కూడా తెలియదు, కోట్ల సార్లు ఊహించాల్సినవాడికి మాత్రం ప్రాణం విసుగెత్తుతుంది. 2024లో వచ్చిన కొత్త ఓపెన్‌పీజీపీ ప్రమాణంలో ఆర్గాన్2 అనే నలిపే పద్ధతి కూడా చేరింది. అది సమయంతో పాటు మెమరీని కూడా బాగా తింటుంది కాబట్టి, ఒకేసారి వేల ప్రయత్నాలు చేయడం ఖరీదైపోతుంది.

ఇవన్నీ దొంగను ఆలస్యం చేస్తాయి, అంతే. పాస్‌ఫ్రేజ్ బలహీనమైతే ఏదీ ఆదుకోదు. పాట పల్లవి, సామెత, పిల్లల పేరు పక్కన పుట్టిన సంవత్సరం: ఇలాంటివన్నీ దొంగల జాబితాల్లో ముందే ఉంటాయి. మనిషి తెలివిగా ఎంచుకున్నాననుకున్నదాన్ని ఇంకో మనిషి ఊహించగలడు. అందుకని ఎంపికను పాచికలకు వదిలేయడమే నాకు నచ్చిన పద్ధతి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో ప్రచారంలోకి తెచ్చిన డైస్‌వేర్ ఇదే. పాచికను ఐదుసార్లు వేయండి. 4, 1, 6, 2, 5 పడ్డాయనుకుందాం. డైస్‌వేర్ మాటల జాబితాలో 41625 ఎదురుగా ఉన్న మాట మీ మొదటి మాట. నచ్చలేదని మళ్లీ వేయకూడదు, అలా చేస్తే ఎంపిక మళ్లీ మీ చేతికే వస్తుంది. జాబితాలో 7,776 మాటలుంటాయి. అలా ఆరు మాటలు తీస్తే, సెకనుకు లక్ష కోట్ల ప్రయత్నాలు చేసే యంత్రానికి కూడా అన్నీ చూడటానికి 7,000 ఏళ్లు పడుతుంది. పైగా అవి మాటలే కాబట్టి, చిన్న కథలా అల్లుకుంటే వారంలో నోటికొచ్చేస్తాయి.

ఇక మెయిల్ ప్రోగ్రాం సంగతి. థండర్‌బర్డ్ 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్‌ను తనలోనే కలుపుకుంది. అది మామూలుగా మిమ్మల్ని పాస్‌ఫ్రేజ్ అడగదు, తనే ఒకటి తయారుచేసి కీకి పెట్టి, దాన్ని కూడా అదే ప్రొఫైల్ ఫోల్డర్లో దాచుకుంటుంది. ఇలా దాచుకున్నవాటికి తాళం వేసే ప్రైమరీ పాస్‌వర్డ్‌ను సెట్టింగుల్లో పెట్టకపోతే, ఇంటికి తాళం వేసి చెవి గుమ్మం పక్కనే వదిలినట్టు. ఫోల్డర్ కాపీ చేసుకున్నవాడికి రెండూ దొరుకుతాయి. ఇది వాడేవాళ్లు ఇవాళే ఆ పాస్‌వర్డ్ పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. దాంతో పాటు అప్‌డేట్లు కూడా వాయిదా వేయకండి. 78.8.1 నుంచి 78.10.1 దాకా వచ్చిన వెర్షన్లలో ఇంపోర్ట్ చేసిన ప్రైవేట్ కీలు, ప్రైమరీ పాస్‌వర్డ్ ఉన్నా సరే, ఏ రక్షణా లేకుండా డిస్క్ మీద ఉండిపోయాయి. 2021లో 78.10.2 వచ్చి దాన్ని సరిచేసింది.

గ్నూపీజీ అయితే ఒకసారి అడిగిన పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 10 నిమిషాలు గుర్తుంచుకుంటుంది. ఆ కాసేపూ కీ తెరిచే ఉన్నట్టు, కాబట్టి లేచి వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ చేయండి.

పాస్‌ఫ్రేజ్ మార్చినంత మాత్రాన కీ మారదు. పాత పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత కాపీ పాత పాస్‌ఫ్రేజ్‌తోనే తెరుచుకుంటుంది. కాబట్టి బ్యాకప్‌లు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో లెక్క ఉండాలి. వాటితో పాటు రివొకేషన్ సర్టిఫికెట్ కూడా తీసి పెట్టుకోండి. 'ఈ కీ ఇక చెల్లదు, దీనికి మెయిల్ రాయొద్దు' అని లోకానికి చెప్పే చిన్న ఫైలు అది. దాన్ని ప్రకటించడానికి పాస్‌ఫ్రేజ్ అక్కర్లేదు, అందుకే పాస్‌ఫ్రేజ్ మర్చిపోయినవాళ్లకు ఉన్న ఆధారం అదొక్కటే. అదే కారణంగా ఇంకొకరి చేతిలో పడితే మీ కీని రద్దు చేసేయగలరు. కాబట్టి కంప్యూటర్లో కాకుండా, కాగితం మీద ప్రింట్ తీసి ముఖ్యమైన పత్రాలతో కలిపి పెట్టండి. బ్యాకప్ తీసిన రోజే దాన్ని మీదే ఇంకో కంప్యూటర్లో ఇంపోర్ట్ చేసి, ఒక పాత మెయిల్ తెరుచుకుంటుందో లేదో చూడండి. చూశాక ఆ కంప్యూటర్ నుంచి కీని తీసేయండి.